ఎముక మజ్జ మార్పిడి తర్వాత బిడ్డను ఇంటికి తీసుకువెళ్లడం: వార్డులో చివరి వారం నుంచి ఇంట్లో మొదటి నెలల దాకా

"ఇంటికి ఎప్పుడు వెళ్తాం?" అన్న ప్రశ్న వార్డులో చేరిన రోజే మొదలవుతుంది. తీరా ఆ రోజు వచ్చేసరికి, ఇన్నాళ్లూ నర్సులు వంతులవారీగా చేసిన పనంతా ఆ సాయంత్రం నుంచి తల్లిదండ్రుల చేతుల్లోకి రాబోతున్నదన్న సంగతి ఒక్కసారిగా తెలిసివస్తుంది. ఆ పనిని ఏ వరుసలో నేర్చుకోవాలో, ఇంటిని ఏ వరుసలో సిద్ధం చేయాలో, ఎక్కడెక్కడ పొరపాట్లు జరుగుతాయో ఇక్కడ వివరిస్తున్నాను.

ఇది ప్రధానంగా దాత నుంచి మూలకణాలు తీసుకున్న పిల్లలకు వర్తిస్తుంది. బిడ్డ సొంత కణాలనే తిరిగి ఎక్కించినప్పుడు కూడా జాగ్రత్తలు చాలావరకు ఇవే. పాటించవలసిన కాలం మాత్రం సాధారణంగా తక్కువ. మీ వైద్య బృందం చెప్పినది దీనికి భిన్నంగా ఉంటే వారి మాటే పాటించండి.

1. ఇంటి దినచర్యను వార్డులోనే మొదలుపెట్టండి

ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ సంఖ్య వరుసగా 3 రోజులు మైక్రోలీటరుకు 500 దాటి నిలిస్తే కొత్త మజ్జ నాటుకున్నదని వైద్యులు లెక్కిస్తారు. అయితే ఇంటికి పంపడానికి ఆ అంకె ఒక్కటే చాలదు. జ్వరం లేకపోవడం, మందులు నోటి ద్వారా గాని ముక్కు గొట్టం ద్వారా గాని వాంతి కాకుండా నిలవడం, తగినంత నీరు లోపలికి వెళ్లడం, రక్తం, ప్లేట్‌లెట్లు రోజూ ఎక్కించవలసిన అవసరం తీరడం కూడా చూస్తారు.

వీటికి తోడు కుటుంబం తనంతట తాను ఒక షరతు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. కనీసం ఇద్దరు పెద్దవాళ్లు, నర్సు పక్కన నిలబడి చూస్తుండగా, ఆమె చేయి కలపకుండా అన్ని పనులూ చేయగలిగిన తర్వాతే సామాను సర్దుకోవాలి. ఒక్కరికే వచ్చిన పని ఆ ఒక్కరికి జలుబు చేసిన రోజున ఎవరికీ రానట్టే అవుతుంది.

ఇందుకోసం డిశ్చార్జ్‌కు వారం ముందే నర్సును అడిగి, చివరి రెండు రోజుల పనినంతా మీరే చేస్తామని చెప్పండి. మందు కొలవడం, వేళకు ఇవ్వడం, జ్వరం చూడడం, తాగిన నీటిని లెక్క రాయడం, రాత్రి మందుకు అలారం పెట్టుకుని లేవడం అన్నీ మీవే కావాలి. నర్సు ప్రతి మోతాదునూ బిడ్డకు ఇచ్చే ముందు సరిచూస్తారు. ఈ రెండు రోజుల్లో దొర్లే తప్పులు ఎంత ఎక్కువైతే అంత మేలు. వాటిని దిద్దే మనిషి అప్పుడు పక్కనే ఉంటుంది.

వార్డు వదిలే ముందు ఇద్దరు పెద్దవాళ్లూ విడివిడిగా చేసి చూపించవలసినవి:

- ప్రతి ద్రవ మందునూ సిరంజితో సరిగ్గా కొలవడం
- ప్రతి మందు పేరు, అది ఎందుకు, మానేస్తే ఏమవుతుంది అన్నది పట్టిక చూడకుండా చెప్పడం
- సెంట్రల్ లైన్‌ను (పెద్ద రక్తనాళంలోకి అమర్చిన గొట్టం) ఫ్లష్ చేయడం, అంటే లోపలికి ద్రవం పంపి శుభ్రంగా ఉంచడం, డ్రెస్సింగ్ మార్చడం (ఆ పని ఇంట్లో మీరే చేయవలసి ఉంటే)
- రాత్రి 2 గంటలకు జ్వరం వస్తే మొదటి 10 నిమిషాల్లో ఏమి చేస్తారో చెప్పడం

2. మందుల పట్టిక: అన్నింటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

మా అమ్మాయి ఇంటికి వచ్చిన రోజున సంచిలో 11 రకాల మందులున్నాయి. కొన్ని రోజుకు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు, ఒకటి వారంలో కొన్ని రోజులు మాత్రమే. డిశ్చార్జ్ చీటీ మందుల పేర్ల వరుసలో ఉంటుంది. ఇంట్లో మీకు కావలసినది గంటల వరుస. అందుకే చీటీని చూసి కొత్త పట్టిక మీరే రాసుకోవాలి. ఎడమవైపు గంట, దాని పక్కన మందు, మి.గ్రా., మి.లీ., చివర ఇచ్చినవారి సంతకానికి ఖాళీ గడి ఉండాలి. రాసిన పట్టికను ఫార్మసిస్టుకు గాని నర్సుకు గాని చూపించి, చీటీతో అక్షరం అక్షరం పోల్చి చూడమని అడగండి.

మి.గ్రా., మి.లీ. ఒకటి కావు. పెద్ద ప్రమాదాలు జరిగేది ఇక్కడే. రోగనిరోధక శక్తిని అణచే మందు సైక్లోస్పోరిన్. దాని ద్రవం సాధారణంగా మి.లీ.కు 100 మి.గ్రా. బలంతో వస్తుంది. చీటీలో 60 మి.గ్రా. అని ఉంటే సిరంజిలోకి తీయవలసినది 0.6 మి.లీ. మాత్రమే. నిద్రకళ్లతో దానిని 6 మి.లీ. అని చదివితే బిడ్డకు పది రెట్లు మందు వెళ్తుంది. పట్టికలో దశాంశ బిందువుకు ముందు సున్నా తప్పకుండా వేయండి, ".6" అని ఎప్పుడూ రాయకండి. సీసా మారిన ప్రతిసారీ బలం మారిందేమో లేబుల్ మీద చూసుకోండి.

కొలిచేటప్పుడు చెంచా గాని, సీసా మూత గాని వాడకూడదు. నోటి మందుకు వాడే 1 మి.లీ. సిరంజిని మందులో ముంచి, కావలసిన గీత దాటి కొంచెం ఎక్కువ లాగాలి. తర్వాత ముక్కు పైకి ఉండేలా తిప్పి, పక్కన వేలితో రెండుసార్లు తట్టితే గాలి బుడగ పైకి చేరుతుంది. అప్పుడు పిస్టన్‌ను మెల్లగా నెట్టి, నల్ల రబ్బరు పై అంచు సరిగ్గా గీత మీదికి వచ్చేలా ఆపాలి. చదివేటప్పుడు సిరంజిని కంటి ఎత్తుకు తెచ్చుకోవాలి; పై నుంచి చూస్తే గీత మారిపోతుంది. ఆ రబ్బరుకు రెండు అంచులుంటాయి, కొలత చూడవలసినది ముక్కుకు దగ్గరగా ఉన్న అంచు దగ్గర.

గంటను ఎంచుకోవడంలో ఒక కిటుకు. సైక్లోస్పోరిన్‌ను గాని, అదే పని చేసే టాక్రోలిమస్‌ను గాని 12 గంటల తేడాతో ఇస్తారు. రక్తంలో వాటి స్థాయిని చూడడానికి తర్వాతి మోతాదుకు సరిగ్గా ముందు రక్తం తీయాలి. ఔట్‌పేషెంట్ విభాగంలో ఉదయం 9 గంటల ప్రాంతంలో రక్తం తీస్తుంటే, ఇంట్లో 6, 6 అని పెట్టుకోవడం వల్ల పరీక్ష రోజున మోతాదు మూడు గంటలు ఆలస్యమవుతుంది. 9, 9 అని పెట్టుకుంటే ఆ చిక్కు ఉండదు. డిశ్చార్జ్‌కు ముందే ఈ గంట మార్పును వైద్యులతో చెప్పి చేయించుకోండి.

ఇంకో చిన్న సంగతి. వార్డులో ఈ మందును సెంట్రల్ లైన్‌లోని ఏ గొట్టం ద్వారా ఎక్కించారో ఆ గొట్టం నుంచి స్థాయి పరీక్షకు రక్తం తీయకూడదు. గొట్టం గోడలకు అంటిన మందు వల్ల ఫలితం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ గొట్టం మూత రంగును పట్టిక అట్ట మీద రాసిపెట్టుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు:

- *మందు తాగిన కాసేపటికి బిడ్డ వాంతి చేసుకోవడం, కంగారులో మళ్లీ ఇవ్వడం.* మళ్లీ ఇవ్వకుండా, మందు ఇచ్చిన గంట, వాంతి అయిన గంట రాసుకుని ఫోన్ చేయండి. నిర్ణయం మందును బట్టి, గడిచిన నిమిషాలను బట్టి మారుతుంది.
- *ఒక పూట మరిచిపోయి, తర్వాతి పూట రెట్టింపు ఇవ్వడం.* ఎప్పుడూ రెట్టింపు ఇవ్వకూడదు. ఫోన్ చేసి అడగండి.
- *సీసా అయిపోయిందని ఫంగస్ మందు ఆపేయడం.* పోసకోనజోల్, వోరికోనజోల్ వంటివి రక్తంలో టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ స్థాయిని పెంచుతాయి. మోతాదును ఆ లెక్కతోనే నిర్ణయించి ఉంటారు. వాటిని హఠాత్తుగా ఆపితే స్థాయి పడిపోయి, దాత కణాలు బిడ్డ శరీరం మీద దాడి చేసే జీవీహెచ్‌డీకి దారి తెరుచుకుంటుంది.
- *కంపెనీ మారినా మందు అదే కదా అనుకోవడం.* టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ విషయంలో కంపెనీ మారితే స్థాయి మారవచ్చు. దుకాణంలో ఇచ్చినది వేరే కంపెనీదైతే, వాడే ముందు బృందానికి చెప్పండి.
- *అన్ని ద్రవాలనూ ఫ్రిజ్‌లో పెట్టడం.* సైక్లోస్పోరిన్ ద్రవాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చల్లబడితే గడ్డకట్టినట్టు అవుతుంది. తెరిచిన సీసాను 2 నెలల తర్వాత వాడకూడదు కాబట్టి తెరిచిన తేదీని లేబుల్ మీద రాయండి.
- *దగ్గుకో జలుబుకో ఇంకో వైద్యుడు రాసిన మందు నేరుగా వాడేయడం.* ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటివి రక్తంలో టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ స్థాయిని పెంచుతాయి. ఐబుప్రోఫెన్ మూత్రపిండాలకూ ప్లేట్‌లెట్లకూ మంచిది కాదు. మూలికా మందులకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.
- *ముఖం ఉబ్బిందని స్టెరాయిడ్ ఆపడం.* ఉన్నట్టుండి ఆపడం ప్రమాదకరం; వైద్యులు చెప్పిన మెట్ల ప్రకారమే తగ్గించాలి.

ప్రతి మందూ కనీసం వారం రోజులకు సరిపడా అదనంగా ఉంచుకోండి. మీ ఇంటికి దగ్గరలో ఆ మందులు దొరుకుతాయో లేదో డిశ్చార్జ్‌కు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. పిల్లల కోసం ప్రత్యేకంగా కలిపి ఇచ్చే ద్రవాలు అన్నిచోట్లా దొరకవు.

3. సెంట్రల్ లైన్

ఇంటికి వచ్చాక బిడ్డకు ఇన్ఫెక్షన్ చేరడానికి అన్నింటికన్నా దగ్గరి దారి ఈ లైనే. దానిని ముట్టుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో 20 సెకండ్లు చేతులు కడగాలి.

పారదర్శకమైన డ్రెస్సింగ్‌ను సాధారణంగా 7 రోజులకు ఒకసారి, గాజ్ గుడ్డతో వేసినదాన్ని 2 రోజులకు ఒకసారి మారుస్తారు. తడిసినా, అంచు లేచినా, కింద రక్తం కనిపించినా అప్పటికప్పుడే మార్చాలి. డ్రెస్సింగ్ మార్చే రోజునే స్నానం పెట్టుకుంటే పని కలిసివస్తుంది. లైన్ ఉన్నంతకాలం తొట్టె స్నానం, ఈత వద్దు. లైన్‌ను పూర్తిగా కప్పి, దాని మీద నీరు పడకుండా పోసుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి:

- లైన్ దగ్గర కత్తెర ఎప్పుడూ వాడకూడదు. టేపు చేతితోనే విడదీయండి.
- గొట్టాన్ని చుట్టగా చేసి చొక్కా లోపల అంటించండి. వేలాడుతూ ఉంటే ఆటలో తగులుకుంటుంది.
- అదనపు క్లాంప్ (గొట్టాన్ని బిగించి మూసే క్లిప్పు) ఒకటి బిడ్డతోపాటే ఉండాలి. గొట్టం తెగితే, తెగిన చోటుకూ బిడ్డ ఒంటికీ మధ్య క్లాంప్ వేసి వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.
- లైన్ మొత్తంగా ఊడివస్తే, బయటికి వచ్చిన చోట శుభ్రమైన గాజ్ గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి ఉంచి వెళ్లాలి.
- ఫ్లష్ చేసిన కాసేపటికి బిడ్డకు వణుకు వస్తే, థర్మామీటర్ ఏమి చూపించినా సరే, అది లైన్ ఇన్ఫెక్షన్ అనుకునే బయలుదేరాలి.

4. జ్వరం వస్తే చేయవలసిన వరుస

మీ కేంద్రం ఏ అంకెను జ్వరంగా లెక్కిస్తుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చాలా చోట్ల అది 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్. థర్మామీటర్ మీద ఏ కొలత వస్తుందో ఆ అంకెనే కార్డు మీద రాయండి. అర్ధరాత్రి లెక్కలు మార్చుకుంటూ కూర్చోవలసిన పని ఉండకూడదు.

1. చంకలో డిజిటల్ థర్మామీటర్‌తో చూడండి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టకూడదు.
2. అంకె దాటితే పారాసెటమాల్ ఇవ్వకుండా ముందు ఫోన్ చేయండి. మందుతో అంకె తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల అలాగే ఉంటుంది.
3. ఒకరు ఫోన్‌లో మాట్లాడుతుండగా రెండోవారు బిడ్డను సిద్ధం చేయాలి.
4. తలుపు దగ్గర సిద్ధంగా ఉన్న సంచి తీసుకుని బయలుదేరండి.
5. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే "మజ్జ మార్పిడి జరిగిన బిడ్డ, జ్వరం ఉంది" అని మొదటి వాక్యంగా చెప్పండి. వరుసలో కూర్చోబెట్టవద్దని అడగండి. చేరిన 60 నిమిషాల్లోపు మొదటి యాంటీబయాటిక్ అందాలన్నది చాలా కేంద్రాలు పెట్టుకున్న లక్ష్యం.

స్టెరాయిడ్ వాడుతున్న బిడ్డకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు. ఒళ్లు చల్లబడి, మత్తుగా పడుకుని, పిలిస్తే సరిగా పలకకపోతే అంకె కోసం ఎదురుచూడకండి.

ఇంకో పొరపాటు ఎక్కువగా చూస్తుంటాను. 37.8 వచ్చిందని తెల్లవారేవరకు పావుగంటకోసారి చూస్తూ కూర్చుంటారు, ఎవరినీ అడగరు. కొంచెం వెచ్చగా ఉంటే గంట తర్వాత మళ్లీ చూడండి; అప్పటికీ తగ్గకపోతే అంకె దాటకపోయినా ఫోన్ చేయండి. ఆ ఫోన్ అనవసరమైనదని మిమ్మల్ని ఎవరూ కోప్పడరు.

తలుపు దగ్గరి సంచిలో ఉండవలసినవి:

- తాజా డిశ్చార్జ్ సారాంశం, మందుల పట్టిక నకలు
- అత్యవసర కార్డు (7వ భాగం చూడండి)
- ఒక రోజుకు సరిపడా మందులు, సిరంజీలు
- ఫోన్ ఛార్జర్, బిడ్డ బట్టలు ఒక జత, మాస్కులు

5. ఇల్లు: ఏ పని ముందు, ఏది తర్వాత

బిడ్డ వస్తున్నదన్న ఉత్సాహంతో చివరి వారంలో గదికి సున్నం కొట్టించడం, గోడ పగలగొట్టించి స్నానాల గదిని బాగుచేయించడం చాలా కుటుంబాలు చేసే పని. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం ప్రమాదకరం. పాత గోడల దుమ్ములో ఆస్పర్‌గిల్లస్ అనే బూజు బీజాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తుల్లో చేరితే ఈ పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. మరమ్మతులు ఉంటే చాలా ముందే ముగించండి. వీలుకాకపోతే ఏడాది వాయిదా వేయండి. పక్కింట్లో పని జరుగుతుంటే అటువైపు కిటికీలు మూసి ఉంచాలి.

మిగిలిన పనుల వరుస ఇది:

1. తేమ మరకలు, బూజు పట్టిన గోడలు, కారుతున్న పైపులను ముందు చూసుకోవాలి. బూజు తగ్గని గదిలో బిడ్డను ఉంచకూడదు.
2. పై నుంచి కిందికి శుభ్రం చేయాలి: ఫ్యాను రెక్కలు, అల్మరా పైభాగం, పరదాలు, చివరికి నేల. పొడి చీపురుకు బదులు తడి గుడ్డ వాడాలి.
3. ఏసీ ఫిల్టర్లు కడిగి ఆరబెట్టాలి. నీరు నిలవ ఉండే కూలర్లు, హ్యుమిడిఫైయర్లు బిడ్డ గదిలో వద్దు.
4. మట్టి కుండీలు, పూలగుత్తులు ఇంటి బయటికి మార్చాలి.
5. పెంపుడు జంతువులుంటే వైద్యులను అడగాలి. కొత్త జంతువును తేకూడదు. పక్షులు, తాబేళ్లు ఇంట్లో వద్దు. జంతువుల మలమూత్రాలను బిడ్డ తాకకూడదు.
6. ఇంట్లోకి రాగానే చేతులు కడుక్కునేలా సబ్బు, ఒకసారి వాడి పారేసే తువ్వాళ్లు అందుబాటులో పెట్టాలి.

ఈ పనులన్నీ బిడ్డ రావడానికి రెండు రోజుల ముందే పూర్తికావాలి. లేచిన దుమ్ము అణగడానికి ఆ వ్యవధి అవసరం. తర్వాత రోజువారీ శుభ్రత చేసేటప్పుడు బిడ్డ వేరే గదిలో ఉండాలి. ఇంటిని ఆపరేషన్ థియేటర్‌లా మార్చవలసిన అవసరం మాత్రం లేదు. ఘాటైన వాసన గల రసాయనాలతో రోజుకు నాలుగుసార్లు తుడవడం వల్ల బిడ్డకు దగ్గు రావడం తప్ప ప్రయోజనం ఉండదు.

6. తిండి, నీరు

నియమం ఒక్కటే: బాగా ఉడికినది, తాజాగా, వేడిగా. వండినది 2 గంటలకు మించి బయట ఉంటే బిడ్డకు పెట్టకూడదు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి. పచ్చివీ వండినవీ వేర్వేరు పలకల మీద కోయాలి.

- వద్దు: పచ్చి లేదా సగం ఉడికిన గుడ్డు, మాంసం, చేప; కాచని, పాశ్చరైజ్ చేయని పాలు; పచ్చి మొలకలు; బయట కోసి ఉంచిన పండ్లు.
- గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస అసలే వద్దు. ఇవి రక్తంలో మందు స్థాయిని పెంచుతాయి.
- పెరుగు, తేనె, తొక్క ఒలిచే పండ్ల విషయంలో కేంద్రానికో నియమం ఉంటుంది. మీవారిని అడిగి రాసుకోండి.

తాగే నీటిని తెర్లుతుండగా కనీసం ఒక నిమిషం కాచి, మూతపెట్టి చల్లార్చి, ఏ రోజుకారోజు వాడండి.

తినకపోవడం గురించి తల్లిదండ్రులు పడే ఆరాటంలో సగం, తాగకపోవడం మీదికి మళ్లించాలని నా సలహా. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మూత్రపిండాల మీద భారం వేస్తాయి కాబట్టి, రోజుకు ఎన్ని మి.లీ. ద్రవం లోపలికి వెళ్లాలో వైద్యులు చెబుతారు. ఆ మొత్తాన్ని ఉదయమే ఒక సీసాలో కొలిచి పెట్టి, బిడ్డ ఏది తాగినా అంత నీటిని అందులోంచి తీసేయండి. మధ్యాహ్నానికి సీసా సగం కాకపోతే చూడగానే తెలుస్తుంది. రుచి తెలియకపోవడం, నోరు ఎండిపోవడం వారాల తరబడి ఉండవచ్చు. ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి, పళ్లెం ముందు యుద్ధం చేయకండి. ఆ రోజుకు చెప్పిన ద్రవంలో సగం కూడా వెళ్లకపోతే మర్నాటి దాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

7. అత్యవసర కార్డు, దగ్గరి ఆసుపత్రి

మార్పిడి చేసిన కేంద్రం ఇంటికి దూరమైతే ఈ భాగం చాలా ముఖ్యం. తొలి 100 రోజులు కేంద్రానికి దగ్గరలోనే ఉండమని చాలా బృందాలు కోరతాయి. ఆ గడువుకు ముందే ఇంటికి వెళ్తున్నా, తర్వాత వెళ్తున్నా, మొదట చేరవలసిన దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే నిర్ణయించుకోవాలి. అక్కడి పిల్లల వైద్యుడితో మీ కేంద్రం వైద్యుడు ఒకసారి ఫోన్‌లో మాట్లాడేలా ఏర్పాటు చేయమని అడగండి. మీరు తీసుకువెళ్లే ఉత్తరం కన్నా ఆ ఐదు నిమిషాల మాట ఎక్కువ పనిచేస్తుంది.

గట్టి అట్ట మీద రెండు కార్డులు రాయండి, ఒకటి సంచిలో, ఒకటి పర్సులో. అందులో ఉండవలసినవి:

- బిడ్డ పేరు, బరువు, మార్పిడి జరిగిన తేదీ, దాత నుంచా సొంత కణాలా
- 24 గంటలూ ఎత్తే ఫోన్ నంబరు
- పడని మందులు
- సెంట్రల్ లైన్ రకం, దానిని వాడే విధానం
- "రక్తం, ప్లేట్‌లెట్లు ఇర్రేడియేట్ చేసినవి మాత్రమే ఎక్కించాలి" (ఇర్రేడియేట్ చేయడం అంటే అందులోని తెల్లకణాలు పనిచేయకుండా రేడియేషన్‌కు గురిచేయడం)
- బిడ్డ పాత రక్త గ్రూపు, దాత గ్రూపు

చివరి రెండూ ఎందుకంటే, ఇర్రేడియేట్ చేయని రక్తంలోని తెల్లకణాలు ఈ బిడ్డల శరీరంపై దాడి చేసే ప్రమాదం ఉంది. గ్రూపు దాత గ్రూపులోకి మారే క్రమంలో ఉన్నప్పుడు పాత రిపోర్టు చూసి రక్తం ఎంచితే పొరపాటు జరగవచ్చు.

8. ప్రయాణం

వీలైతే సొంత వాహనం. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి, సామానులో వేయకూడదు. ఫ్రిజ్‌లో ఉండవలసినవాటిని ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి. దారిలో మందు ఇవ్వవలసిన గంట వస్తుందేమో చూసుకుని, ఆ మోతాదును సిరంజిలో ముందే నింపి, మూతపెట్టి, పేరు అంటించి ఉంచండి. బిడ్డ ముఖానికి సరిపోయే మాస్కు కావాలి. పెద్దల మాస్కును ముడివేసి కడితే పక్కలనుంచి గాలి వస్తుంది. తిండి, నీరు ఇంటినుంచే. ఎండ నేరుగా పడే కిటికీకి తెర వేయండి.

9. మొదటి రాత్రి, తర్వాతి రోజులు

మొదటి రాత్రి నిద్రపట్టదు. మానిటరు మోత లేని నిశ్శబ్దంలో మేము బిడ్డ ఊపిరి వినడానికే మూడుసార్లు లేచాం. అందుకే ఆ రాత్రికి వంతులు ముందే వేసుకోండి: ఒకరు 2 గంటల దాకా, రెండోవారు తర్వాత.

రోజూ రాయవలసిన పుస్తకంలో ఉండవలసినవి ఇవే: రెండుపూటలా ఉష్ణోగ్రత, తాగిన ద్రవం, మూత్రం ఎన్నిసార్లు, విరేచనం ఎన్నిసార్లు, ఎలా ఉంది, వాంతులు, చెప్పిన రోజుల్లో బరువు, రక్తపోటు. స్నానం చేయించేటప్పుడు అరచేతులు, అరికాళ్లు, చెవుల వెనుక భాగం వెలుతురులో చూడండి. జీవీహెచ్‌డీ దద్దుర్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

వెంటనే బయలుదేరవలసినవి:

- శ్వాస ఆడకపోవడం, పెదవులు నీలంగా మారడం
- మూర్ఛ, చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పి, తికమక మాటలు (టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వల్ల కూడా రావచ్చు)
- 10 నిమిషాలు నొక్కిపట్టినా ఆగని రక్తస్రావం, మలంలో రక్తం
- జ్వరం, వణుకు

అదే రోజు ఫోన్ చేయవలసినవి:

- కొత్త దద్దుర్లు, చర్మం మంట
- నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి
- కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులోకి మారడం
- మూత్రంలో మంట, రక్తం. 8 గంటలుగా మూత్రం రాకపోవడం
- ఇచ్చిన మందు వాంతి అయి నిలవకపోవడం
- కొత్త దగ్గు

10. తోబుట్టువులు, వచ్చిపోయేవాళ్లు

జలుబు, దగ్గు, విరేచనాలు ఉన్నవారు ఇంట్లోకి రాకూడదన్న నియమానికి మినహాయింపు పెట్టకండి. దగ్గరి బంధువుకు ఒక్కసారి సడలిస్తే తర్వాత ఎవరికీ చెప్పలేరు. మొదటి నెల బయటివాళ్లను పిలవకపోవడమే సులువు. చూడాలనుకునేవారికి ఫోన్‌లో చూపించండి.

బడికి వెళ్లే తోబుట్టువులను ఇంటినుంచి పంపేయవలసిన పనిలేదు. ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని చేతులు కడుక్కుంటే చాలు. వారికి ఒక నిజమైన బాధ్యత అప్పగించండి. మా పెద్దవాడు నీళ్ల సీసా లెక్క రాసేవాడు, అందులో మా ఇద్దరికన్నా కచ్చితంగా ఉండేవాడు.

టీకాల విషయంలో జాగ్రత్త అవసరం. ఇంట్లో ఎవరికీ నోటి చుక్కల పోలియో టీకా వేయించకూడదు, ఇంజక్షన్ రూపంలోది వేయించవచ్చు. ఇంట్లో ఉన్న శిశువుకు రోటావైరస్ టీకా వేసి ఉంటే, ఆ శిశువు డైపర్లను ఈ బిడ్డకు దూరంగా ఉంచి, మార్చినవారు చేతులు బాగా కడగాలి. ఇంటిల్లిపాదీ ఏటా ఫ్లూ ఇంజక్షన్ వేయించుకోవాలి. ఆటలమ్మ సోకినవారి దగ్గరికి బిడ్డ వెళ్లినట్టు తెలిస్తే, ఒంటి మీద ఏమీ లేకపోయినా ఆ రోజే ఫోన్ చేయండి. ముందుజాగ్రత్త మందు త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది.

11. పరీక్షల రోజు, ఆ తర్వాతి నెలలు

రక్తపరీక్ష రోజున ఉదయం టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్ ఇవ్వకుండా, మోతాదును సిరంజితో సహా వెంట తీసుకువెళ్లండి. రక్తం తీసిన మరుక్షణం ఇవ్వాలి. మిగతా మందులను ఎప్పటిలాగే ఇవ్వవచ్చా అన్నది ముందురోజు అడిగి తెలుసుకోండి. అలవాటుగా ఇచ్చేసి వెళ్లడం అందరికీ ఒకసారైనా జరిగే పొరపాటు. అలా జరిగితే దాచకుండా ఎన్ని గంటలకు ఇచ్చారో చెప్పండి. లేకపోతే తప్పుడు స్థాయిని చూసి మోతాదు మార్చేస్తారు. వెంట తీసుకువెళ్లవలసినవి రోజువారీ పుస్తకం, మందుల పట్టిక, ముందురోజే రాసుకున్న ప్రశ్నలు.

రోగనిరోధక శక్తిని అణచే మందులను తగ్గించే దశలో చర్మం, కడుపు, కళ్లను ఇంకా శ్రద్ధగా చూడాలి. ప్రతి మెట్టు తర్వాత జీవీహెచ్‌డీ మళ్లీ తలెత్తవచ్చు. కళ్లలో పొడి, నోట్లో పుండ్లు, కీళ్లు బిగుసుకోవడం ఆలస్యంగా వచ్చే గుర్తులు. ఎండ కూడా దాన్ని రేపగలదు కాబట్టి పొడవు చేతుల చొక్కా, టోపీ, ఎస్పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న క్రీము అలవాటు చేయండి.

బడి తేదీని వైద్యులు నిర్ణయిస్తారు. దాత కణాలు పొందిన పిల్లలకు సాధారణంగా 6 నుంచి 12 నెలలు పడుతుంది. ఈలోగా ఇంటి దగ్గర పాఠాలకు ఏర్పాటు చేయమని బడిని ముందే అడగండి.

మార్పిడితో బిడ్డ పాత టీకాల రక్షణ చాలావరకు పోతుంది, చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ వేయాలి. నిర్జీవ టీకాలను సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య మొదలుపెడతారు. జీవ టీకాలను కనీసం 24 నెలలు గడిచి, అణచే మందులు ఆగి, జీవీహెచ్‌డీ లేనప్పుడే పరిశీలిస్తారు. పాత టీకాల కార్డు మీద మార్పిడి తేదీని ఎర్రసిరాతో రాసి, దాని కింద అడ్డగీత గీయండి. పై వరుసలు చూసి "అన్నీ పడ్డాయి కదా" అని ఎవరైనా అన్నప్పుడు ఆ గీతను చూపించండి.